ఫోన్‌లో బ్యాంకు: మనవాళ్ళకి అడ్డం భయమా, అవసరం లేకపోవడమా?

లంక కుర్రాడు:
మా ఊళ్ళో టీ కొట్టుకి కూడా క్యూఆర్ స్టిక్కరుంది. మా నాన్న మాత్రం కొబ్బరి దింపు డబ్బులు ఖాతాలో పడితే, పంటు పడవెక్కి రేవు దాటి బ్యాంకుకెళ్ళి తెచ్చుకుంటారు. ఒక పూట పని పోతుంది. నేర్పిస్తానంటే "వేలు తప్పు పడితే ఎవడిస్తాడ్రా" అంటారు. ఇది ఉత్త భయమే అంటాను. కాదంటారా?

చెరువుగట్టు, భీమవరం:
కాదంటానండీ. రొయ్యల మేతకి లక్షల్లో కట్టాలి. యూపీఐ మామూలుగా రోజుకి లక్ష దాటనివ్వదు. అందుకే బ్యాంకు యాప్‌లో నెఫ్ట్ చేయడం, అంటే ఖాతా నంబరు కొట్టి డబ్బు పంపడం, నేర్చుకున్నాను. ధైర్యం వచ్చి కాదు, అవసరం పడి. మీ నాన్నగారికి ఆ అవసరం రాలేదంతే. పైగా బ్యాంకు దగ్గర నలుగురూ కలుస్తారు. దాన్ని మీరు నష్టంలో రాసేశారు :)

మస్కట్ అక్క:
ఇద్దరూ చదువు సంగతి వదిలేశారు. నేను పంపిన డబ్బు పడగానే అమ్మ ఫోన్‌కి ఇంగ్లీషులో మెసేజ్ వస్తుంది. క్రెడిట్ అంటే పడిందో, డెబిట్ అంటే పోయిందో తనకి తెలీదు. పక్కింటి పిల్లకి చూపిస్తుంది. బటన్ ఫోన్‌కి కూడా 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది కదా, నెట్ అక్కర్లేదు కదా అని చెప్పి చూశాను. పిన్ను కూడా ఆ పిల్లకే చెప్పేసింది! ఇక వద్దులే అన్నాను.

రిటైర్డ్ క్యాషియర్:
కుర్రాడా, మీ నాన్న అడిగింది భయం కాదు, అసలు ప్రశ్న. మనకి డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు. కొట్టమన్నాడంటే వాడు దొంగే. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, 3 పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే మనకి నష్టం ఉండకూడదని 2017లోనే ఆర్‌బీఐ చెప్పింది. పిన్ను మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి చెప్పేలోపు పోయింది మనదే. మోసమని తెలిసిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి కూడా ఫోన్ చేయాలి. ఇక వేలు తప్పు పడి వేరేవాడికి వెళ్ళిందనుకో, అవతలివాడు ఒప్పుకోకపోతే తిరగడమే. అంచేత ముందు ఒక్క రూపాయి పంపి, చేరిందో లేదో ఫోన్ చేసి అడగమను.

చెరువుగట్టు, భీమవరం:
ఆ తిరుగుడు నేనూ తిరిగానండీ. 4 నెలలు.

లంక కుర్రాడు:
క్యాషియర్ గారి మాటలు నాన్నకి చదివి వినిపించాను. "మరి ఇదంతా మన బ్యాంకు గోడ మీద తెలుగులో ఎందుకు రాయలేదురా" అన్నారు. రేపు పంటెక్కి ఆయనతో నేనూ వెళ్తున్నాను, చూసొస్తా.