మా లీగ్‌ల ఎంవీపీ (అందర్ల మేటి ఆటగాడు) కప్పు ఎవరికియ్యాలె?

పాలమూరు పోరడు:
అన్నా, మహబూబ్‌నగర్ల మేం ఆదివారం ఆదివారం ఆడుకునే బేస్‌బాల్ లీగ్ అయిపోవచ్చింది, ఎంవీపీ కప్పు కాడ లొల్లి నడుస్తుంది. ఒకడు హోమ్ రన్లు (క్రికెట్ల సిక్సర్ లెక్క) మస్తు కొట్టిండు గని వాళ్ల టీం ఆఖర్ల ఉంది, ఇంకోడు గెలిచిన టీం పిచ్చర్ (బాల్ ఇసిరేటోడు). ఎట్ల జేద్దాం?

దేవరకొండ క్యాచర్:
ఆఖర్ల ఉంటే ఏమైతది తమ్మీ, 1987ల అమెరికాల ఆండ్రీ డాసన్ 49 హోమ్ రన్లు కొట్టిండు, ఆయన టీం చికాగో కబ్స్ వాళ్ల డివిజన్ల (గ్రూపుల) ఆఖరే, అయినా నేషనల్ లీగ్ (అక్కడి రెండు పెద్ద లీగ్‌లల్ల ఒకటి) ఎంవీపీ ఆయనకే ఇచ్చిన్రు. నేనైతే కొట్టినోనికే ఇస్త.

జడ్చర్ల అన్న:
ఓట్లు పెట్టున్రి. అమెరికాల బేస్‌బాల్ రిపోర్టర్లు ఒక్కొక్కరు పది పేర్లు రాస్తరు, ఫస్ట్ పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, ఇగ 8, 7 అట్ల దిగుకుంట పదోదానికి 1. మీకు మూడు పేర్లు చాలు. సొంత టీమోని పేరు రాయొద్దని మాత్రం ముందే చెప్పున్రి, మేం చెప్పక చాయ్ హోటల్ కాడ కొట్లాటయింది.

పాలమూరు పోరడు:
గిది మంచిగుంది అన్నా. స్కోర్ బుక్కే సగం వానకు తడిసింది, ఇగ ఓట్లే దిక్కు 😅