యెజ్డీ బైకు బోరు రెక్క ఇరగ్గొట్టినా, ఇప్పుడేం చేయాల?

యెజ్డీకొడుకు_తిరుపతి
అన్నలారా, చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉండాది. మా నాయనది 1976 యెజ్డీ 250, రెండు సైలెన్సర్ల బండి, పదకొండేళ్లుగా మిద్దె మెట్ల కింద పట్టా కప్పుకోని ఉండేది, ఈ సంక్రాంతికి దాన్ని లేపతానని ఇంట్లో గొప్పలు పోయి మొన్న ఆదివారం ఇంజన్ దించినా. హెడ్ బాగానే వచ్చేసింది. బోరు, అదే సిలిండరు, మాత్రం గాస్కెట్‌కి అతుక్కోని కదల్లేదు. స్ప్రే కొట్టి ఒక టీ తాగొచ్చేంత సేపు ఆగినా, అంతే, ఓపిక లేదు. పెద్ద స్క్రూడ్రైవరు బోరుకీ క్రాంక్ కేసుకీ (కింద క్రాంకు తిరిగే డబ్బా) మధ్య సందులో పెట్టి ఎత్తినా, రాలేదు, సరే అని అవతలి పక్క కింది రెక్క (గాలికి బోరు చల్లారేదానికి ఉండే పల్చటి పలక) మీద సుత్తితో ఒక్కటేసినా. టింగుమని రెక్క ఊడి కింద పడింది. ఆ దెబ్బకే బోరు కూడా వదిలింది లెండి.

రెక్క సుమారు రెండంగుళాలు పోయింది, మూడు ముక్కలు. స్క్రూడ్రైవరు పెట్టిన చోట క్రాంక్ కేసు మీద చిన్న గాటు పడింది, అది పెద్ద విషయం కాదనుకుంటా. నా బాధంతా రెక్కే, పన్నూడిన నోరు మాదిరి కనిపిస్తా ఉండాది. ఆటోనగర్లో అడిగితే ఒకాయన ఆర్గాన్ వెల్డింగ్ అంటాడు, ఇంకొకాయన బోరే మార్చేయమంటాడు. నాయనకింకా చెప్పలేదు.

పుత్తూరు_పిస్టన్
మా ఊరికి తీసుకురా సామీ, కట్టు కట్టిస్తాం, మూడు వారాల్లో అతుక్కుంటాది 😂
సరే, నిజంగా చెప్పాలంటే కొత్త యెజ్డీ షోరూములో అడిగి చూడు, బోరు దొరకతాదేమో.

లేత్‌మామ_చిత్తూరు
షోరూములో యాడ దొరకతాదప్పా. 2022లో వచ్చిన యెజ్డీ 334 సీసీ ఫోర్ స్ట్రోకు, రేడియేటర్ బండి, దీనికీ దానికీ పేరొకటే కలిసింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడె. పాత బోరు కావాలంటే చెన్నై పుదుపేటలోనో బెంగుళూరు జేసీ రోడ్డులోనో వెతకాల, దొరికినా లోపల కొలత చూడకుండా డబ్బులియ్యొద్దు. స్టాండర్డు 65 మిల్లీమీటర్లు, ఎవరో ముందే బోరింగు చేయించి, అంటే లోపల పెద్దది చేయించి, ఆఖరి ఓవర్ సైజు దాకా కొట్టించి పారేసిన బోరైతే దానికంటే రెక్క ఇరిగిన నీదే మేలు.

తమ్ముడూ, నువ్వు ఏడవాల్సింది రెక్క గురించి కాదు, ఆ గాటు గురించి. టూ స్ట్రోకులో క్రాంక్ కేసు ఉత్త డబ్బా కాదు, పెట్రోలు కలిసిన గాలి ముందు అందులోకి వచ్చి, అక్కడ నొక్కుకోని, తరువాతే బోరు పైకి పోతాది. గాటులోంచి బయటి గాలి పీల్చిందంటే మిక్చరు పలచబడి ఇంజన్ కాగిపోయి భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు పిస్టన్ పట్టేస్తాది, అప్పుడు బోరూ పిస్టనూ రెండూ పోతాయి. గోరుతో గాటు మీద గీకి చూడు, పక్కన అంచు లేచింటాది. ఆ లేచినదాన్ని మాత్రమే నూనె రాయితో (సానరాయి) నెమ్మదిగా రుద్దు, చుట్టూ ముట్టుకోవద్దు. గాటు గాస్కెట్ వెడల్పులో సగం కూడా రాకపోతే కొత్త గాస్కెట్‌కి పల్చగా అనాబాండ్ పేస్టు పూసి బిగించేయొచ్చు. లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా అడ్డంగా పోయిందంటే అప్పుడు ఆర్గాన్, ఇంజన్ మొత్తం ఇప్పి కేసు మీద నింపి ఫేసింగ్ కొట్టించాల, అంటే మిషన్ మీద చదును చేయించాల. ఆర్గాన్ పనికొచ్చేది ఆ అల్యూమినియం కేసుకి, బోరుకి కాదు.

బోరు పోత ఇనుము. దాన్ని అతికించాలంటే ముందు బాగా కాల్చి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెం కుట్లు వేసి, బూడిదలో పూడ్చి రాత్రంతా చల్లారనియ్యాల. తొందరపడితే అతుకు పక్కనే ఇంకో చీలిక వస్తాది. పైగా ఆ వేడికి బోరు కొలత మారొచ్చు, కాబట్టి అతికించేదుంటే బోరింగు ముందే. నన్నడిగితే వద్దు, రెండంగుళాల రెక్క లేకపోతే ఇంజన్ ఏమీ ఉడికిపోదు. రెక్క మొదట్లో చీలిక లోపలికి పోయిందా అని మాత్రం చూడు. కిరసనాయిలు ఇప్పుడు యాడుంది, డీజిలే పూసి పావుగంట ఆగి బాగా తుడిచి, సుద్దముక్క అరగదీసి ఆ పొడి చల్లు. చీలికుంటే లోపలి డీజిల్ ఊరి సుద్దలో నల్ల గీత పడతాది.

పీలేరు_2స్ట్రోక్
మామ చెప్పింది కరెక్టే కానీ నికెల్ రాడ్ ఖర్చెందుకు, ఇత్తడి బ్రేజింగ్ చేయిస్తే అంత వేడి కూడా అవసరం లేదు, పెయింటేస్తే ఎవురికీ తెలీదు.

కాణిపాకం_కిక్కర్
అందరూ రెక్క వెనకే పడినారు. తమ్ముడూ, మూడు ముక్కలన్నావే, కలిపి చూసినావా? బోరు లేపేటప్పుడు క్రాంక్ కేసు నోట్లో గుడ్డ కుక్కినావా?

యెజ్డీకొడుకు_తిరుపతి
గుడ్డ పెట్టలేదన్నా. ఇప్పుడే పేపరు మీద పెట్టి కలిపినా. గోరంత ముక్క తక్కువుంది. గ్యారేజీ అంతా చీపురుతో ఊడ్చినా, లేదు. కడుపులో తిప్పుతా ఉంది.

కాణిపాకం_కిక్కర్
క్రాంకు తిప్పొద్దు!! కిక్కర్ ముట్టుకోవద్దు. ఆ ముక్క బేరింగులోకి పోయిందంటే క్రాంకే పోతాది. ఇంజన్‌ని అట్లే తలకిందులు చేసి కింద బేసిన్ పెట్టి, ఇద్దరు పట్టుకోని, డీజిల్ పోసి ఊపండి, మళ్లీ పోసి మళ్లీ ఊపండి. ముక్క కోసం లోపలికి అయస్కాంతం దించొద్దు, అది ముక్కని వదిలేసి క్రాంకుకే అతుక్కుంటాది, నేను పడిన పాటు అది.

యెజ్డీకొడుకు_తిరుపతి
మూడో రోజు. దొరికింది అన్నా! నాలుగోసారి ఊపితే బేసిన్లో టిక్కుమనింది. సుద్ద పొడి కూడా చల్లినా, నల్ల గీత రాలేదు, రెక్క అట్లే వదిలేస్తా. గాటు గాస్కెట్ వెడల్పులో మూడో వంతు ఉంది, రాయితో రుద్దినా.

ఇంజన్ తలకిందులు చేసేదానికి రెండో మనిషి కావాల గదా, నాయననే పిలవాల్సొచ్చింది. పేపరు మీద ముక్కలు చూసినాడు, ఏమీ అనలేదు. బేసిన్ పట్టుకోని, "నట్లు ఎన్ని మిగిలినాయి?" అన్నాడు.

లేత్‌మామ_చిత్తూరు
😄 బిగించినాక ఇన్‌లెట్, రెండు సైలెన్సర్ పోర్టులు మూసి సైకిల్ పంపుతో 5, 6 పీఎస్ఐ కొట్టి ఆ గాటు చుట్టూ సబ్బు నీళ్లు పూయి. బుడగ రాకూడదు. టైరుకి కొట్టినట్టు కొట్టేవు, సీల్సు ఎగిరిపోతాయి.