అప్‌డేట్: పాత పాస్‌పోర్ట్‌లో ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) స్టాంప్ ఉన్నా ఉద్యోగం ఇవ్వట్లేదు అన్నాను కదా

మార్చిలో అడిగింది నేనే. 2001లో మా ఆయన వర్క్ పర్మిట్ మీద యూకే వచ్చాం, 2005లో ఐఎల్ఆర్ స్టాంప్ పడింది. ఆ పాస్‌పోర్ట్ గడువు ఎప్పుడో తీరింది. స్కూలు కిచెన్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్తే షేర్ కోడ్ (ఇక్కడ పనిచేసే హక్కుందని యజమాని ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్) ఇవ్వమన్నారు. నాకు బీఆర్‌పీ (వలసదారులకు ఒకప్పుడు ఇచ్చిన నివాస అనుమతి) కార్డే ఎప్పుడూ లేదు, కోడ్ ఎక్కడి నుంచి తేను?

మీలో ఇద్దరు చెప్పినట్టే నో టైమ్ లిమిట్ అప్లికేషన్ (పాత స్టాంప్ బదులు ఈ-వీసా, అంటే ఆన్‌లైన్ రికార్డు, ఇవ్వమని అడిగేది) పెట్టాను. ఫీజు లేదు. అసలు తంటా రుజువులతోనే. స్టాంప్ పడ్డాక వరుసగా రెండేళ్లకు మించి దేశం బయట లేనని చూపాలి. ఏ కాగితమూ పారేయరని మా ఆయన్ని ఇరవై ఏళ్లుగా తిడుతున్నాను. చివరికి ఆయన అట్టపెట్టెలో దాచిన పీ60లు (ఏటా జీతం, పన్ను చూపే కాగితాలు), కౌన్సిల్ ట్యాక్స్ ఉత్తరాలే గట్టెక్కించాయి. ఇప్పుడు ఆ అట్టపెట్టెను ముట్టుకోనివ్వడం లేదు!

వేలిముద్రలిచ్చాక ఎదురుచూపులు, ఒకటే టెన్షన్. ఈ-వీసా వచ్చింది గానీ ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయి. అది సరిచేయించి, కొత్త పాస్‌పోర్ట్‌ను ఈ-వీసా అకౌంట్‌కు జోడించాకే కోడ్ తీశాను. 90 రోజులు పనిచేస్తుంది, మళ్లీ కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు.

ఆ ఉద్యోగం మాత్రం అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. పనిచేసే హక్కు లేనివాళ్లను పొరపాటున చేర్చుకుంటే 45,000 పౌండ్ల దాకా జరిమానా పడుతుందని ఆ స్కూలు వాళ్ల భయం. కోపం తగ్గలేదు గానీ అర్థమైంది. సోమవారం ఇంకో స్కూల్లో చేరుతున్నాను.