బ్యాండ్ ఇంకో 0.3 బిగించమని అడగనా?

తెనాలి పిల్ల:

అందరికీ నమస్కారం. ఇప్పుడు ఎవరిని కదిపినా స్లీవ్ (పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్) అంటున్నారు, లేదంటే బరువు తగ్గే ఇంజెక్షన్లు అంటున్నారు. బరువు తగ్గడానికి పొట్ట పైభాగం చుట్టూ పట్టీలా బ్యాండ్ వేయించుకున్న పాతకాలం మనుషులు ఇక్కడ ఎవరైనా మిగిలారేమోనని అడుగుతున్నాను.

నాకు 42 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఉండేది మెల్‌బోర్న్‌లో. 2014లో ఇక్కడే బ్యాండ్ వేయించుకున్నాను. ఆపరేషన్ రోజు 104 కిలోలు. రెండేళ్లలో 78కి దిగాను. ఆ రెండేళ్లూ నా అంత సుఖపడినవాళ్లు లేరు. లాక్‌డౌన్లలో మెల్లగా మళ్లీ ఎక్కడం మొదలైంది, ఇవాళ పొద్దున 86.

నాకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారు రిటైరయ్యారు. ఇప్పుడు వేరే క్లినిక్‌కి వెళ్తున్నాను. బరువు పెరుగుతోందని చెబితే బ్యాండ్ బిగించడానికి, చర్మం కింద ఉండే పోర్ట్‌లోకి సూది గుచ్చి పోయిన ఆగస్టులో 0.4 ఎంఎల్, ఫిబ్రవరిలో ఇంకో 0.3 సెలైన్ (ఉప్పునీళ్లు) ఎక్కించారు. నాది 10 ఎంఎల్ పట్టే బ్యాండ్. కార్డు మీద లెక్క ప్రకారం ఇప్పుడు అందులో 7.1 ఉంది. వచ్చే గురువారం అపాయింట్‌మెంట్. నర్సు ఫోన్ చేసి "బిగించాలా, ఉంచేయాలా, తీయాలా, మీకేమనిపిస్తోంది?" అంది. నేను చెప్పేదాన్ని బట్టే చేస్తారట. ఇంకో 0.3 వేయించేసుకుందామని నా ఆలోచన. డిసెంబరులో తెనాలిలో మా అన్నయ్య కూతురి పెళ్లి. ఈలోగా కనీసం 80కైనా రావాలి. మా వదినవాళ్లు నన్ను చూసి ఆరేళ్లయింది.

నా తిండి గురించి అడుగుతారని ముందే రాస్తున్నా. ఎక్కువేమీ తినను, నిజం. పొద్దున పదకొండు దాకా కాఫీ తప్ప ఏదీ దిగదు. చపాతీ మానేసి ఏడాదైంది, గుండెల మీద రాయిలా ఆగిపోతుంది. చికెన్ కూడా అంతే. మధ్యాహ్నం ఆఫీసులో పెరుగన్నం, బాగా మెత్తగా కలుపుకుని. సాయంత్రం టీలో నాలుగు బిస్కెట్లు. రాత్రి పప్పుచారు పోసుకుని రెండు ముద్దలు, పిల్లలతో పాటు కాస్త ఐస్‌క్రీం. అంతే. దీనికే బరువు పెరుగుతుంటే ఏడుపొస్తోంది. పైగా నెల రోజులుగా రాత్రిళ్లు దగ్గు, రెండు దిండ్లు వేసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు. ఇక్కడి చలికాలం సంగతి తెలిసిందేగా.

0.3 చాలా, 0.5 అడగనా?


ఆరోగ్యమే మహాభాగ్యం:

ఏమీ అనుకోకండి గానీ, లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుని రోజూ ఐస్‌క్రీం తింటుంటే ఏ బ్యాండ్ మాత్రం ఏం చేస్తుంది? గంట నడవండి. రాత్రి ఏడు తర్వాత నోరు కట్టేసుకోండి.


వెర్రిబీ అక్క:

పై ఆయన మాట పట్టించుకోకండి. మీరు ఐస్‌క్రీం తినడం నోటి చాపల్యం కాదు. మీ గొంతులోంచి దిగేది అదొక్కటే కాబట్టి తింటున్నారు.

అమ్మాయ్, నేను మీకు దగ్గరలోనే ఉంటాను. నాకు బ్యాండ్ వేసింది 2009లో. మీరు రాసింది చదువుతుంటే 2012లో నన్ను నేను చూసుకున్నట్టుంది. గురువారం వెళ్లండి. కానీ 0.3 ఎక్కించమని కాదు, కొంత తీయమని అడగండి. బ్యాండ్ వదులై మీరు బరువు పెరగడం లేదు. నాకు తెలిసినంతలో అది మరీ బిగిసిపోయి పెరుగుతున్నారు.

వినడానికి తలకిందులుగా ఉంది కదూ? నాకూ అప్పట్లో అలాగే అనిపించింది. బిగిస్తే తక్కువ తింటాం, తక్కువ తింటే తగ్గుతాం అనుకుంటాం. బ్యాండ్ పని అది కాదు. గట్టి తిండి చిన్న ముద్దగా, బాగా నమిలి మింగితే అది బ్యాండ్ దగ్గర ఒక్క క్షణం నొక్కుకుని దిగుతుంది. ఆ నొక్కుడుకే కడుపు నిండిందన్న కబురు తలకు వెళ్తుంది. నీళ్లలా ఉన్నదీ, నోట్లోనే కరిగిపోయేదీ ఆ నొక్కుడు లేకుండా జారిపోతుంది. మరీ బిగించేస్తే గట్టిది ఏదీ దిగదు. అప్పుడు మనిషి మెల్లగా, తనకే తెలియకుండా, జారేవాటి వైపు వెళ్తుంది. ఇక్కడి తెల్లవాళ్లకి అది చాక్లెట్, మిల్క్‌షేక్. మనకి పెరుగన్నం, పప్పుచారు అన్నం, టీలో ముంచిన బిస్కెట్లు, పాయసం. మీ జాబితా మళ్లీ ఒకసారి చదువుకోండి. అందులో నమలాల్సింది ఒక్కటైనా ఉందా? గంటకల్లా ఆకలేస్తుంది, మళ్లీ ఏదో జారేదే తింటాం.

నా కథ చెప్తాను. 2012లో మూడు నెలల్లో మూడు సార్లు ఫిల్ (సెలైన్ ఎక్కించి బిగించడం) చేయించుకున్నాను. మూడోది శుక్రవారం మధ్యాహ్నం. క్లినిక్‌లో కూర్చుని గ్లాసు నీళ్లు తాగి చూపించమన్నారు, బస్సు టైమైపోతోందని రెండు గుక్కలు తాగి బాగానే ఉందని చెప్పి వచ్చేశాను. తప్పు నాదే. శనివారం సాయంత్రానికి నా ఉమ్మి నాకే దిగడం లేదు. నోట్లో జిగురుగా నురగ, మింగితే మింగినట్టే పైకి. గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఈ పోర్ట్‌ని ఎప్పుడూ గుచ్చలేదట. దానికి మామూలు సూది వాడకూడదు, హ్యూబర్ సూది అని వేరే ఉంటుంది. మామూలు దానితో గుచ్చితే పోర్ట్ మీది రబ్బరు తెగి సెలైన్ కారిపోతుంది. ఆ సూది, అది వాడటం తెలిసిన మనిషి, రెండూ దొరికేసరికి తెల్లారి నాలుగైంది. ఒకటిన్నర ఎంఎల్ తీశారు. తీసిన నిమిషానికి గ్లాసుడు నీళ్లు గటగటా తాగాను. ఆ నీళ్ల రుచి ఇప్పటికీ గుర్తు.

ఆ తర్వాత నాలుగు నెలల్లో, ఒకటిన్నర తక్కువతో, ఆరు కిలోలు తగ్గాను. చేపల ముక్క, ఉడికించిన గుడ్డు, బీన్స్ వేపుడు మళ్లీ తినగలిగాను కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గు. మీరు దాన్ని చలికాలం ఖాతాలో వేసేశారు గానీ, నన్ను భయపెట్టింది అదే. పడుకున్నప్పుడు దగ్గు, గొంతులోకి పులుపు, దిండు మీద తడి, ఇవి బ్యాండ్ మరీ బిగిసినప్పుడు వస్తాయి. బ్యాండ్ పైన పొట్టలో సంచిలా ఉండే చిన్న భాగం సాగినా వస్తాయి, బ్యాండ్ కిందికి జారినా వస్తాయి. ఏదో తెలియాలంటే బేరియం (ఎక్స్‌రేలో కనబడే తెల్లటి ద్రవం) తాగించి ఎక్స్‌రేలో చూడాలి. చూడకుండా ఇంకో చుక్క కూడా ఎక్కించనివ్వకండి. రాత్రి ఆ పైకొచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా దాకా వెళ్తుంది. గురువారం దాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పండి. మధ్యలో నీళ్లు కూడా నిలవకపోయినా, కడుపులో గట్టిగా నొప్పి వచ్చినా ఎమర్జెన్సీకే.

ఇంకోటి. కొత్త క్లినిక్ అన్నారు కదా, లోపల ఉన్నదంతా ఒకసారి సిరంజిలోకి లాగి కొలవమనండి. కార్డు మీద 7.1 అని ఉన్నంత మాత్రాన లోపల 7.1 ఉండాలని లేదు. తక్కువ వస్తే ఎక్కడో లీకున్నట్టు, అది వేరే కథ.

పెళ్లికి ముందు ఫిల్ అనే మాటే ఎత్తకండి. విమానంలో కొందరికి బ్యాండ్ ఇంకా బిగుసుకుంటుంది. తెనాలిలో దిగాక నీళ్లు దిగకపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు?


డాలస్ బాబాయ్:

అక్కగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నాది 2010 బ్యాండ్, ఇక్కడ టెక్సాస్‌లో. ఇప్పుడు లేదు, తీయించేశాను. నేను చేసిన తప్పు ఏంటంటే ఇలాంటి దగ్గుకే ఎనిమిది నెలలు యాసిడ్ మాత్రలు మింగుతూ కూర్చోవడం. తర్వాత బేరియం తీస్తే బ్యాండ్ జారి ఉంది. తీసేసి, కొన్నాళ్లు ఆగి, స్లీవ్ చేశారు. అందరికీ ఇలా అవుతుందని కాదు.

ప్రయాణం గురించి ఒక మాట. బ్యాండ్ కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొన్ని బ్యాండ్లు 4 ఎంఎల్ పట్టేవి, కొన్ని 10, కొన్ని 14. మోడల్ తెలియకుండా అంకె ఒక్కటే చెబితే డాక్టరుకు దేనికీ పనికిరాదు. ఇంకెవరో "నాకు 4తోనే సరిపోయింది" అంటే మీ 7తో పోల్చుకుని బాధపడకండి. మా బ్యాండ్ తయారుచేసిన వ్యాపారమే రెండుసార్లు చేతులు మారింది, 2013లో అలెర్గాన్ నుంచి అపోలో ఎండోసర్జరీకి, 2018లో రీషేప్‌కి. నేను ఊరు మారాక పాత రికార్డు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి.

ఇంజెక్షన్ల గురించి కూడా డాక్టరుని అడగండి, ఇప్పుడు బ్యాండ్ ఉన్నవాళ్లకి కూడా కొందరు రాస్తున్నారు. అయితే వాటితో వాంతులు వస్తాయి, బిగిసిన బ్యాండ్ మీద వాంతులంటే చెడ్డ జోడీ. ముందు దగ్గు సంగతి తేల్చుకోండి.


తెనాలి పిల్ల:

అక్కా, మీ జవాబు చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. నిజం చెప్తున్నా. "తీయమని అడగండి" అంటే, ఓడిపోయానని వెళ్లి సంతకం పెట్టమన్నట్టు అనిపించింది. మూడో రాత్రి పన్నెండున్నరకి దగ్గుతో లేచి చూస్తే దిండు గలేబు మీద పసుపు మరక. పప్పుచారు. తిన్నది ఎనిమిదికి. లైటేసి దాన్ని చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నే ఫోన్ చేశాను.


తెనాలి పిల్ల:

ఎనిమిది వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి.

బేరియంలో బ్యాండ్ జారలేదని తేలింది, దేవుడి దయ. పైనున్న సంచి మాత్రం సాగింది. తెల్లటి ద్రవం అక్కడే చెరువులా నిలబడి, సన్నటి దారంలా కిందికి దిగడం తెరమీద నేనే చూశాను. అంతా లాగి కొలిస్తే 7.0 వచ్చింది, లీకు లేదు. సంచి మళ్లీ కుదురుకోవడానికి ముందు ఐదు దాకా దించారు. ఆరు వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి, బాగుందని 5.6 దగ్గర ఆపారు. రికార్డులో కొత్త డాక్టరమ్మ "ఇప్పట్లో పెంచవద్దు" అని రాసింది.

మొదటి మూడు వారాలు నరకం. ఆకలి అంటే ఏంటో మర్చిపోయాను, ఒక్కసారిగా వచ్చి మీద పడింది. 86 కాస్తా 87.4 అయింది. బాత్రూంలో తూకం మిషన్ని తీసి బీరువా వెనక పెట్టాను. అప్పుడు అక్క ఫోన్‌లో (ఇక్కడే మెసేజ్ పెట్టి నంబరు తీసుకున్నా) రోజూ తిట్టి తిట్టి ఒక అలవాటు చేయించింది. చిన్న గిన్నెలో అరకప్పు తిండి, కాఫీ చెంచాతో. ముద్దకీ ముద్దకీ మధ్య ఒక నిమిషం. ఇరవై నిమిషాలైతే గిన్నెలో మిగిలినా లేచిపోవడం. ముందు గుడ్డో చేపో పనీరో, తర్వాత కూర, చోటుంటే అన్నం. తినేటప్పుడు నీళ్లు లేవు. ఎప్పుడో 2014లో ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితం మీద ఇవే ఉన్నాయి. బ్యాండే చూసుకుంటుందిలే అని ఎప్పుడో వదిలేశాను.

ఇవాళ 84.2. దగ్గు పోయింది, ఒక్క దిండే. పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ దిగుతోంది. నిన్న మా ఆయన చేసిన చపాతీ పావు ముక్క తిన్నాను, అల్లం పచ్చడితో, పదకొండు నిమిషాలు పట్టింది. పెళ్లికి 80 రాను, తెలుస్తూనే ఉంది. చీర జాకెట్టు ఇప్పటి కొలతకే కుట్టించమని అమ్మకి చెప్పేశాను.

పెళ్లి భోజనం గురించే భయం. మావాళ్లకి బ్యాండ్ సంగతి తెలీదు. మా మేనత్త పక్కన నిలబడి వడ్డిస్తుంది, వద్దంటే కోపం. విస్తట్లో దేంతో మొదలుపెట్టాలి?


వెర్రిబీ అక్క:

గారె ముట్టుకోకు, మొదటి ముక్కే అడ్డం పడుతుంది. పూర్ణం బూరె దిగుతుంది, అదే దాంతో ప్రమాదం, ఒక్కటి చాలు. ముందు ముద్దపప్పు, ఏదైనా వేపుడు రెండు చెంచాలు, పులిహోర ఒక చెంచా. నీళ్ల గ్లాసు ముందే పక్కవాళ్ల వైపు జరిపెయ్. మేనత్తకి పొద్దున్నే గ్యాస్ అని చెప్పెయ్, తెనాలిలో గ్యాస్ అంటే ఎవరూ ఎదురడగరు. అప్పటికీ వదలకపోతే, పెళ్లికూతురికి మేనత్తవి నువ్వే కదా, పిలుస్తున్నారని లేచి వెళ్లిపో.