అప్‌డేట్: బాబాయి, రైస్ పుల్లింగ్ చెంబు

పోయిన వారం అడిగాను కదా, బియ్యాన్ని లాక్కునే పాత రాగి చెంబు కోసం మా బాబాయి 5 లక్షలు అడ్వాన్స్ ఇవ్వబోతున్నారు, ఎలా ఆపాలి అని. అంతరిక్ష పరిశోధనకి దాన్ని కోట్లు పెట్టి కొంటారట! ‘మీ ఇంటి బియ్యంతో పరీక్ష పెట్టండి’ అని ఒకరిచ్చిన సలహాయే పనిచేసింది.

ఆదివారం ఉప్పల్‌లో ఆ చెంబు అమ్మేవాళ్ల గదికి ఇద్దరం వెళ్లాం. వాళ్ల పొట్లంలోని గింజలు నిజంగానే జరజరా పాకి చెంబుకి అతుక్కున్నాయి. చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ ఒళ్లు జలదరించింది. అప్పుడు పిన్ని కట్టిచ్చిన సోనా మసూరి తీశాను. ఒక్క గింజ కదిలితే ఒట్టు! ‘పాలిష్ పట్టిన బియ్యానికి శక్తి అందదు’ అన్నాడు వాళ్లలో పెద్దమనిషి. వాళ్ల గింజలు నాలుగు జేబులో వేసుకొచ్చి, ఇంట్లో పాత స్పీకర్ అయస్కాంతం దగ్గర పెట్టాను. టక్కున అతుక్కున్నాయి. వేళ్లకి బూడిదరంగు పొడి. ఇనుప రజను పట్టించిన బియ్యం, చెంబులో దాచిన అయస్కాంతం, అంతే.

‘టెస్టింగ్ ఫీజు’ అని ముందే ఇచ్చిన 40 వేలు మాత్రం పోయినట్టే. స్టేషన్‌కి రమ్మంటే బాబాయి కదలట్లేదు. రిటైరైన లెక్కల మాస్టారు మరి, పరువు! 1925లో విక్టర్ లస్టిగ్ అనే మోసగాడు ఈఫిల్ టవర్‌నే తుక్కు కింద అమ్మితే, మోసపోయినాయన సిగ్గుపడి ఫిర్యాదే చేయలేదట. ఆ ధీమాతోనే లస్టిగ్ అదే టవర్‌ని మళ్లీ అమ్మబోయాడు.

పిన్ని ఆ నాలుగు గింజల్నీ అగ్గిపెట్టెలో దాచింది. రేపు తనే స్టేషన్‌కి వెళ్తానంటోంది.