పట్టేసిన కాలిపర్ పిస్టన్: గాలితో కొట్టించాలా, గ్రీజ్‌తో నెట్టాలా, కాలిపరే మార్చేయాలా?

గార తీరం:
అందరికీ నమస్కారం. మాది కళింగపట్నం దగ్గర ఊరు. నాన్నగారి 2002 మోడల్ 150 సీసీ బండి మూడేళ్లు వసారాలోనే ఉండిపోయింది. గత నెల బయటికి తీసి, ముందు డిస్క్ ప్యాడ్లు అరిగిపోయాయంటే శ్రీకాకుళంలో ఒక షాపులో కొత్తవి వేయించాను. తిరిగొస్తుంటే సగం దారిలోనే బండి లాగడం మానేసింది. డిస్క్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేస్తే చుయ్యిమంది. స్టాండ్ వేసి తిప్పితే చక్రం కదలదు. ఇంటికొచ్చి కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) దించి చూస్తే రెండు పిస్టన్లలో ఒకటి బిగుసుకుపోయింది. బ్రేక్ ఆయిల్ పైపు ఇంకా విప్పలేదు. పంచర్ షాపు అన్న గాలి పెట్టి కొట్టేద్దాం అంటున్నాడు. మెకానిక్ వాటర్ పేపర్ రుద్ది మళ్లీ వేసేద్దాం అంటున్నాడు. మా బావ కొత్త కాలిపర్ కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

రాజాం రెంచి:
గాలే తమ్ముడూ. కంప్రెసర్ పైపు ఆయిల్ రంధ్రానికి ఆనించి ఒక్కసారి వదిలితే చాలు. ఇరవై ఏళ్లుగా ఇలాగే తీస్తున్నాను. పది నిమిషాల పని, ఖర్చు లేదు.

కోట జంక్షన్ మాస్టారు:
ఐటీఐలో మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైర్ అయ్యాను, విజయనగరం. రాజాం తమ్ముడి అనుభవాన్ని కాదనను కానీ, గాలి విషయంలో ఒక లెక్క చూడండి. పిస్టన్ వ్యాసం 25 మిల్లీమీటర్లు అనుకుంటే దాని ముఖం సుమారు 4.9 చదరపు సెంటీమీటర్లు. పంచర్ షాపు కంప్రెసర్ 8 బార్ ఇస్తే పిస్టన్ మీద పడే తోపు దాదాపు 40 కిలోలు. గట్టిగా పట్టేసిన పిస్టన్‌కి అది చాలకపోవచ్చు. చాలిందా, అప్పుడు అసలు ప్రమాదం. లోపల నొక్కుకుని ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పిస్టన్‌ని తూటాలా విసురుతుంది. వేళ్లు అడ్డం పెట్టి నలగ్గొట్టుకున్న కుర్రాళ్లని నా క్లాసులోనే చూశాను. గాలే దిక్కైతే ఎదురుగా చెక్కముక్క పెట్టి, కాలిపర్ని గోనెసంచిలో చుట్టి, గాలి కొద్దికొద్దిగా వదలాలి. చెయ్యి మాత్రం దాని ముందుకి పోకూడదు.

గార తమ్ముడూ, పైపు విప్పకపోవడం నీ అదృష్టం. అన్నిటికంటే మంచి సాధనం నీ బండి మీదే ఉంది. కదులుతున్న పిస్టన్‌ని సి-క్లాంప్‌తో బిగించి, బ్రేక్ లీవర్ మెల్లగా నొక్కు. ఆ ఒత్తిడంతా పట్టేసిన దాని మీదకే పోతుంది. పైన డబ్బాలో ఆయిల్ తగ్గకుండా చూసుకో.

దానికంటే ముందు బ్లీడింగ్ నిప్పల్ (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కాస్త లూజు చేసి చూడాల్సింది. అప్పుడు చక్రం ఫ్రీ అయితే తప్పు పిస్టన్‌ది కాకపోవచ్చు. లీవర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్లో ఆయిల్ వెనక్కి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోయినా, పైపు లోపల ఉబ్బినా ఇలాగే పట్టేస్తుంది.

పలాస పాత బండి:
అన్నయ్యలూ, నా మాట వినండి, మొత్తం కాలిపర్ మార్చేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నా బండి వారం రోజులు బురద నీళ్లలో ఉంది. పిస్టన్ మీద తుప్పు గుంతలు పడితే వాటర్ పేపర్ రుద్ది వేయించాను. నాలుగు నెలలు బాగానే ఉంది. తర్వాత అరకు నుంచి ఎస్.కోట వైపు ఘాట్ దిగుతుంటే లీవర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చేసింది. ఆయిల్ కారి ప్యాడ్లు తడిసిపోయాయి. వెనక డ్రమ్ బ్రేక్, ఫస్ట్ గేరు పుణ్యాన బతికి ఇంటికి చేరాను. వెనకాల మా ఆవిడ కూర్చుని ఉంది. బ్రేక్ దగ్గర డబ్బులు చూసుకోకూడదు.

రాజాం రెంచి:
అందరికీ కొత్తది కొనే స్తోమతు ఉండదన్నా. పైగా ఇరవై ఏళ్లు దాటిన మోడల్‌కి కాలిపర్ ఎక్కడ దొరుకుతుంది? స్క్రాప్‌లో దొరికేదీ ఇలాంటి తుప్పుదే.

కోట జంక్షన్ మాస్టారు:
పలాస తమ్ముడి కష్టం నిజం, కానీ కారణం కాలిపర్ కాదు, ఆ వాటర్ పేపరు. ఇనప పిస్టన్ మీద క్రోమ్ పూత ఉంటుంది. గుంత పడిందంటే అక్కడ పూత పోయినట్టే. రుద్దితే నున్నగా కనిపిస్తుంది గానీ ఇనుము బయటపడే ఉంటుంది, మన ఉప్పు గాలికి మళ్లీ తుప్పెక్కుతుంది. ఆయిల్‌ని ఆపేది ఆ పిస్టన్ ఒంటిని పట్టుకునే రబ్బరు సీలే కదా. మాస్టర్ సిలిండర్లో సీల్ పిస్టన్‌తో పాటు కదులుతుంది, అందుకని అక్కడ గోడ నున్నగా ఉండాలి. కాలిపర్లో సీల్ గాడిలో కూర్చుని ఉంటుంది, కదిలేది పిస్టన్. కాబట్టి గోడ మీద చిన్న గీతలున్నా పరవాలేదు. పిస్టన్, గాడి, ఈ రెండూ శుభ్రంగా ఉండాలి. గాడి కూడా తినేసి ఉంటే అప్పుడు పలాస తమ్ముడి మాటే నా మాట.

కొత్త ప్యాడ్లు వేశాకే ఎందుకు పట్టేసిందో చెప్తాను. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి వస్తూ ఉంటుంది. ఆ బయటి భాగం మూడేళ్లు ఉప్పు గాలికి తుప్పు పట్టింది. కొత్త ప్యాడ్లకి చోటు కోసం షాపులో దాన్ని అలాగే లోపలికి నెట్టేశారు. తుప్పు నేరుగా సీల్ కిందికి పోయింది. నెట్టే ముందు తుడిచి చూసినా పట్టుబడేది.

గార తీరం:
మాస్టారూ, క్లాంప్ పెట్టి నొక్కాను. రెండు మిల్లీమీటర్లు వచ్చి ఆగిపోయింది. లీవర్ రాయిలా ఉంది, ఇంకా నొక్కడానికి భయమేసింది.

కోట జంక్షన్ మాస్టారు:
చాలు, ఆపేయ్. ఇప్పుడు పైపు విప్పి, దాన్ని కాలిపర్‌కి పట్టి ఉంచే బ్యాంజో బోల్ట్‌కి ఉన్న మర సైజే ఉన్న మామూలు బోల్ట్ లేత్ షాపుకి పట్టుకెళ్లు. నిలువునా రంధ్రం పెట్టించి తలలో గ్రీజ్ నిప్పల్ బిగించమను. రాగి వాషర్ వేసి కాలిపర్‌కి బిగించి చేతి గ్రీజ్ గన్‌తో కొట్టు. దాని ఒత్తిడి వంద బార్ దాటుతుంది, అంటే అదే పిస్టన్ మీద దాదాపు అర టన్ను. గ్రీజ్ గాలిలా నొక్కుకోదు కాబట్టి పిస్టన్ ఎగరదు, కొట్టిన కొద్దీ నెమ్మదిగా జరుగుతుంది. క్లాంప్ మాత్రం తీయకు.

రాజాం రెంచి:
మాస్టారూ, బ్రేక్ రబ్బరుకి గ్రీజ్ తగిలితే ఉబ్బిపోతుందని మీలాంటి వాళ్లే చెప్తారు కదా?

కోట జంక్షన్ మాస్టారు:
సరైన ప్రశ్న. పెట్రోలియం గ్రీజ్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. అందుకే పాత సీళ్లు పారేయాల్సిందే. లోపల ఆయిల్ దారులతో సహా గ్రీజ్ మొత్తం తుడిచి, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టాలి. బిగించేటప్పుడు కొత్త సీళ్లకి కొత్త బ్రేక్ ఆయిలే రాయాలి. ఈ ఓపిక లేనివాళ్లు గ్రీజ్ జోలికి పోవద్దు.

గార తీరం:
వచ్చేసింది మాస్టారూ! పద్నాలుగు సార్లు కొట్టాను. ప్రతిసారీ వెంట్రుకవాసి జరుగుతుంటే కళ్లార చూశాను. పిస్టన్ అంచు నుంచి వేలి గోరంత మేర గుంతలే. గోరుతో గీస్తే ప్రతి గుంతా తగులుతోంది. సీల్ తీస్తే గాడిలో సున్నంలాంటి తెల్ల పొడి గడ్డకట్టి ఉంది.

కోట జంక్షన్ మాస్టారు:
అది కాలిపర్ అల్యూమినియానికి పట్టిన తుప్పు. అదే సీల్‌ని కింద నుంచి పైకి ఎత్తి పిస్టన్‌ని పట్టేసింది. స్క్రూడ్రైవర్ పెట్టకు, గాడి గీసుకుపోతుంది. వెదురు పుల్ల చెక్కి దాంతో గోకు. పుల్ల అరిగితే ఇంకోటి చెక్కుకో.

రాజాం రెంచి:
గాడి సంగతి ఇంతగా ఎప్పుడూ చూడలేదు. సీల్ మార్చినా మళ్లీ పట్టేసే బళ్లు నా దగ్గరికి వస్తుంటాయి, ఇదే అయ్యుండాలి. కాస్త పట్టిన వాటికి చెక్క అడ్డం పెట్టి గాలి వాడటం మాత్రం మాననండి.

గార తీరం:
పుల్లలు నాలుగు అరిగాయి, గాడి మెరుస్తోంది, ఎక్కడా తినలేదు. కాలిపర్ ఉంచుకుంటున్నాను బావా, నువ్వు చదువుతుంటే. రెండు పిస్టన్లూ, సీల్ కిట్టూ వైజాగ్‌లో దొరికాయి, శనివారం వస్తాయి. బండి మీది ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 లేదా 4 అని బ్రేక్ ఆయిల్ రకం రాసి ఉంది. ఏది పోయాలి?

కోట జంక్షన్ మాస్టారు:
డాట్ 4. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155కి పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205, 140. ఎప్పుడో మూత తెరిచిన పాత డబ్బాలోది పోయకు, రెండేళ్లకోసారి మార్చు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. పిస్టన్ బిగించేటప్పుడు రెండు బొటనవేళ్లతో నొక్కితే దిగాలి. దిగకపోతే సుత్తి తీయకు, గాడిలోకి మళ్లీ చూడు.