ఆఫీసు రూట్ సర్టిఫికెట్‌ని సొంత లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఎక్కడ పెట్టాలి?

మంజీర:
నా సొంత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. ఇంటి నుంచి ఆఫీసు పని కూడా దీంట్లోనే చేస్తాను. కంపెనీ వీపీఎన్‌లోకి వెళ్తే అక్కడి ఫైర్‌వాల్ గుప్తంగా వెళ్లే హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని మధ్యలో విప్పి చూస్తుంది. అందుకని వాళ్ల రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్ సర్టిఫికెట్లని నమ్మాలో మెషీన్‌కి చెప్పే మూల సర్టిఫికెట్) ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. సిస్టమ్ మొత్తానికి పెట్టాలా, ఒక్క ఫైర్‌ఫాక్స్‌కి పెడితే చాలా?

పెన్నా ఒడ్డు:
ఫైర్‌ఫాక్స్‌లోనే పెట్టండి. అదీ ఆఫీసు పనికి విడిగా చేసుకున్న ప్రొఫైల్‌లో. ప్రతి ప్రొఫైల్‌కీ సొంత సర్టిఫికెట్ డేటాబేస్ ఉంటుంది కాబట్టి మిగతావాటికి అంటదు. ఒక రూట్‌ని నమ్మారంటే, దాని ప్రైవేట్ కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ బ్యాంకు సైట్ పేరుతో సర్టిఫికెట్ చేసినా మీ మెషీన్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. క్రోమ్‌లో గూగుల్ సైట్లకు కీ పిన్నింగ్ (ఫలానా కీలున్న సర్టిఫికెట్లనే ఒప్పుకునే తనిఖీ) ఉందిగా అని ధీమా పడొద్దు. మనం చేత్తో పెట్టిన రూట్‌కి ఆ తనిఖీ వర్తించదు.

2014 జులైలో ఏం జరిగిందో చూడండి. మన ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) కింద ఉన్న సర్టిఫికెట్ సంస్థ నుంచి గూగుల్ డొమైన్ల పేరుతో అనధికార సర్టిఫికెట్లు బయటికి వచ్చాయి. ఆ సంస్థకి పైనున్న రూట్‌ని మైక్రోసాఫ్ట్ నమ్మింది కాబట్టి విండోస్‌లో అవి చెల్లాయి. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితా వాడుతుంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. అందరికీ ఒకే స్టోర్ (నమ్మే రూట్ల జాబితా) ఉంటే ఆ రక్షణ ఉండేదా?

కొండవీటి కోట:
అన్నా, ఆ ఉదాహరణ మీ వాదనకి పనికిరాదు. డెబియన్, ఉబుంటుల సిస్టమ్ స్టోర్ వచ్చేదే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా జాబితా నుంచి. ఆ రోజు కాపాడింది జాబితా కట్టుదిట్టంగా ఉండడం, స్టోర్లు వేరుగా ఉండడం కాదు.

అసలు గొడవ బ్రౌజర్ దగ్గర కాదు. రూట్ బ్రౌజర్‌లో మాత్రమే ఉంటే గిట్, కర్ల్, పిప్ లాంటి కమాండ్ టూల్స్ ఒక్కోటే ఎర్రర్ ఇస్తాయి. సాయంత్రానికి డెలివరీ ఉంటుంది, టెన్షన్. అప్పుడు జనం చేసేది ఒకటే: గిట్‌లో ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై (సర్టిఫికెట్ తనిఖీ) ఆపేస్తారు, కర్ల్‌కి తనిఖీ వద్దనే మైనస్ కే తగిలిస్తారు, మళ్లీ ఆన్ చేయరు. అప్పుడు కంపెనీ ఒక్కటే కాదు, రైల్వే స్టేషన్ వైఫైలో పక్కన కూర్చున్నవాడు కూడా మధ్యలో దూరొచ్చు. అంతకంటే రూట్‌ని సిస్టమ్‌లో పద్ధతిగా పెట్టడం వెయ్యి రెట్లు నయం.

పెన్నా ఒడ్డు:
వెరిఫై ఆపేయడం దారుణమే, ఒప్పుకుంటాను. కానీ సిస్టమ్‌లో పెట్టినా మీరన్న గొడవ తీరదు. పిప్‌తో వేసుకున్న పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ సర్టిఫై అనే ప్యాకేజీలోని జాబితానే చూస్తుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కి విడిగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ చదువుకునే సెట్టింగ్) ఇవ్వాలి. క్రోమ్‌కి మీ హోమ్ ఫోల్డర్‌లో వేరే డేటాబేస్ ఉంది. ఎలాగూ ఒక్కో టూల్‌కి చెప్పాల్సిందే అయినప్పుడు, అవసరమైనవాటికే చెప్పండి. గిట్‌లో ఫలానా యూఆర్‌ఎల్‌కి ఫలానా సర్టిఫికెట్ ఫైల్ అని రాసుకునే వీలుంది.

కొండవీటి కోట:
వీపీఎన్‌లో ఉంటే గిట్‌హబ్ కూడా ఆ ఫైర్‌వాల్ సర్టిఫికెట్‌తోనే వస్తుంది కదా. ఎన్ని యూఆర్‌ఎల్స్‌కి రాస్తారు?

మూసీ:
ఇద్దరి మాటా ఉబుంటు వరకే. ఫెడోరా అనే మరో లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా సిస్టమ్ నమ్మినవాటిని పీ11-కిట్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా నమ్ముతుంది. అక్కడ సిస్టమ్‌లో పెడితే అన్ని ప్రొఫైల్స్‌కీ పెట్టినట్టే.

మంజీర గారూ, నన్నడిగితే ఆఫీసు పనికి వర్చువల్ మెషీన్ (ల్యాప్‌టాప్ లోపలే విడిగా నడిచే ఇంకో సిస్టమ్) ఒకటి పెట్టుకోండి. వీపీఎన్, రూట్ రెండూ దాని లోపలే. అక్కడ కోట గారు చెప్పినట్టు సిస్టమ్ స్టోర్‌లోనే పెట్టండి, మీ బ్యాంకు పని మాత్రం బయట చేసుకోండి. ర్యామ్ తక్కువైతే పెన్నా గారి దారి పట్టండి. ఏది చేసినా ముందు ఆ ఫైల్ షా-256 ఫింగర్‌ప్రింట్ (సర్టిఫికెట్‌ని గుర్తుపట్టే కోడ్) తీసి, ఐటీ వాళ్లకి ఫోన్ చేసి సరిచూసుకోండి. మెయిల్‌లో వచ్చిందని నమ్మేయకండి.

మంజీర:
ర్యామ్ 16 జీబీ ఉంది, వర్చువల్ మెషీన్‌కి సరిపోతుంది. లోపల యూఎస్‌ఆర్ లోకల్ షేర్ కింద సీఏ-సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో వేసి అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ కొట్టాను. సున్నా చేరాయి అంటోంది, ఎందుకు?

కొండవీటి కోట:
ఫైల్ పేరు చివర పెమ్ అని ఉందేమో చూడండి. సీఆర్‌టీ అని ఉంటేనే తీసుకుంటుంది. పేరు మార్చి మళ్లీ కొట్టండి.